ఒగ్గేయడం

నాన్న నా పక్కనే కూర్చున్నాడు గానీ, పేరు పిలిచినప్పుడు లోపలికి వెళ్ళనని పొద్దున్నే చెప్పేశాడు. ఊళ్ళో బస్సు కోసం నిలబడినప్పుడు, తోటల మీదుగా సముద్రం వైపు చూస్తూ, ఈ రోజు గాలి లేదన్నంత మామూలుగా చెప్పాడు. "నాకింక సాలు భవ్యా. ఈ సూదులు ఒగ్గేత్తాను. పలాస వత్తాను, ఆల్లకో మాట సెప్పేసి, నిన్ను టెక్కలి బస్సెక్కించి ఇంటికొచ్చేత్తాను." నాకు మాట వెంటనే రాదు, చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరైనా ఏదైనా అన్నాక ఆ మాట నాలో చాలాసేపు తిరిగి, ఎక్కడో ఒక నీడ చూసుకుని కూర్చున్నాక గానీ జవాబు లేవదు, అప్పటికి అన్నవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. బస్సు వచ్చింది, ఎక్కాం, వజ్రపుకొత్తూరు దాటాం, పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో దిగాం, ఎండలో నడిచి ఈ డయాలసిస్ సెంటరు హాల్లోకి వచ్చి గోడవారన ఇనప కుర్చీల్లో కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య ఖాళీ కుర్చీలో నా సంచి ఉంది, సంచి మీద ఆయన తువ్వాలు ఉంది, పొద్దుటి మాట కూడా అక్కడే ఎక్కడో ఉంది.

లోపల పొద్దుటి విడత వాళ్ళు ఇంకా మంచాలు దిగలేదు. అద్దం తలుపు వెనక ఆకుపచ్చ తెర కదిలినప్పుడల్లా ఒక చెయ్యో, రెండు ఎర్రటి గొట్టాలో, ఒక దుప్పటి అంచో కనిపించి మాయమవుతాయి. వాళ్ళు దిగాలి, మిషన్లు కడగాలి, అప్పుడు మమ్మల్ని పిలుస్తారు. ఒక గంట పడుతుంది. మామూలుగా ఈ గంట నాకు ఇష్టం. చేయడానికేమీ ఉండదు, నాన్న కళ్ళు మూసుకుంటాడు, నేను మనుషుల్ని చూస్తాను. ఈ రోజు మాత్రం ఇంకో పని ఉంది, ఉందనుకుంటే ఉంది. టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు మధ్యాహ్నం వచ్చి పాఠం చెప్పి చూపించమన్నారు. పిల్లలకి వేసవి సెలవులు కాబట్టి టీచర్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చుంటారట, నచ్చితే జూన్ నుంచి ఉద్యోగమట. ఏ పాఠమో కూడా ఫోన్లో వాళ్ళే చెప్పారు. గివ్ అప్. అర్థాలు, వాడుక, ఒక్కో అర్థానికి బోర్డు మీద రెండేసి వాక్యాలు. అమ్మకి మాత్రమే చెప్పాను. అమ్మ జీడిపప్పు పొట్టు తీసే ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ నాన్నకి చెప్పేసింది. జూన్ నుంచి నేను టెక్కలి వెళ్తే, అమ్మ ఫ్యాక్టరీకి వెళ్తే, తనని పలాస తీసుకొచ్చేదెవరని ఆయన ఎవరినీ అడగలేదు. తనలో తనే ప్రశ్నించుకుని, తనే జవాబు చెప్పుకుని, బస్సు దగ్గర ఆ జవాబొక్కటే నాకు వినిపించాడు. నేనూ అంతే, ఆయన కూతుర్నే కదా, టెక్కలి వెళ్ళనని ఆయనకి చెప్పకుండానే అనేసుకున్నాను. నేను వెళ్ళకపోతే ఆయన లోపలికి వెళ్తాడు. ఆయన లోపలికి వెళ్ళకపోతే ఏమవుతుందో ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో చిన్నపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు. మా వీధిలో మోహిని వాళ్ళ మావయ్య ఇలాగే ఒగ్గేశాడు, తోటలో జీడిపళ్ళు రాలడం మొదలైనప్పుడు ఒగ్గేశాడు, రాలడం పూర్తవక ముందే అరుగు మీద ఆయన మంచం ఖాళీ అయిపోయింది.

వెళ్ళను గానీ పాఠం మాత్రం తలలో తిరుగుతూనే ఉంది. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, రెండూ కలిస్తే ఇవ్వడమూ కాదు పైకీ కాదు. ఇలాంటి వాటిని పిల్లలకి ముక్కలు చేసి చెప్పకూడదు, వండిన కూరలో ఉప్పు ఏరి చూపించలేం కదా, మొత్తంగా రుచి చూపించాలి. మొదటి అర్థం, అలవాటు మానేయడం. పుస్తకంలో ఎప్పుడూ సిగరెట్టు మానేసిన ఒక పెద్దమనిషి ఉంటాడు, ఆయనకి పేరుండదు, మానేశాక ఏమయ్యాడో ఉండదు. నేనైతే ఏం రాస్తాను. మా నాన్న బొండం నీళ్ళు మానేశాడు. ఇది సరైన వాక్యమే, కాలం సరిపోయింది, కర్త సరిపోయాడు. కిడ్నీలు చెడినవాళ్ళు బొండం తాగకూడదని డాక్టరు చెప్పినప్పుడు నాన్న నవ్వాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ నవ్వాడు, కొబ్బరితోట ఉన్నవాడితో ఆ మాట అంటే పరాచికమనుకున్నాడు. అంతకుముందు కాయల దింపుడు రోజున మొదటి బొండం ఆయనకే, కత్తితో చెక్కి, కొంచెం చెట్టు మొదట్లో పోసి మిగతాది గడగడా తాగేవాడు, గెడ్డం మీంచి కారేది. ఇప్పుడు మొత్తం చెట్టు మొదట్లోనే పోసేస్తాడు. చెట్టుకి నువ్వే తాగవే అన్నట్టు పోసి, ఖాళీ బొండాన్ని దూరంగా విసిరి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటాడు. మంచినీళ్ళు కూడా లెక్కే, మే నెలలో కూడా లెక్కే. ఇప్పుడు కూడా పెదాలు తడుపుకుంటున్నాడు గానీ సీసా మూత తియ్యలేదు. సూదులు వద్దన్న మనిషి నీళ్ళ లెక్క ఎందుకు పాటిస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

రెండో అర్థం, తనది ఇంకొకరికి ఇచ్చేయడం. బస్సులో ముసలామెకి సీటు ఇచ్చేయడం. ఇది తేలిక, అందరికీ అర్థమవుతుంది. మూడోది, ఇంక నా వల్ల కాదని ప్రయత్నం ఆపేయడం. నాలుగోది, పోలీసులకి లొంగిపోవడం. ఐదోది, ఒక మనిషి మీద ఆశ వదులుకోవడం, దీనికి చివర ఆన్ కూడా చేరుతుంది. నన్ను వదులుకోని మనిషి ఒకరున్నారు, మా హైస్కూల్లో సావిత్రి టీచర్. పాఠం చదవమని లేపితే నేను నిలబడి అలాగే ఉండిపోయేదాన్ని. మిగతా టీచర్లు కూర్చో అనేవారు, పక్కదాన్ని లేపేవారు. సావిత్రి టీచర్ కూర్చో అనేది కాదు. బల్లకి ఆనుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, నా గొంతు వచ్చేదాకా ఊరికే ఉండేది. క్లాసంతా ఉండేది. ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించేది. ఒక రోజు ఆ ఫ్యాను చప్పుడులోంచే నా గొంతు బయటికి వచ్చింది, ఎవరిదో అనుకున్నాను. ప్రయత్నం ఆపకపోవడం గురించి వాక్యం కావాలంటే తిత్లీ తుపాను తర్వాతి నాన్న ఉన్నాడు. తెల్లారేసరికి తోటంతా ఒక పక్కకి పడుకుంది, చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టుకుని, నిద్రపోతున్న జనంలా. ఊళ్ళో ఏడ్చారు. నాన్న కూడా ఏడ్చాడేమో, నేను చూడలేదు. నేను చూసినప్పటికి పడిన మానుల మధ్య చోటు వెతికి గొయ్యి తవ్వుతున్నాడు. కొబ్బరి కాపుకి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకి తెలుసు, అయినా తవ్వుతున్నాడు. ఆ మొక్కలిప్పుడు నా కన్నా పొడుగయ్యాయి, ఇంకా కాయలేదు. అలా తవ్విన మనిషి ఇప్పుడు చాలు అంటున్నాడు. పాఠంలో ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాయవచ్చా, ఒకే కర్తకి, నాట్ పెట్టి ఒకటి, నాట్ తీసేసి ఒకటి.

"ఏటాలోసిత్తన్నావు?" అన్నాడు నాన్న కళ్ళు తెరవకుండానే.

"పాఠం."

"ఏటి పాటం?"

"గివ్ అప్ అని."

"అంటే?"

పుస్తకం తెలుగులో చెబుదామనుకున్నాను, విడిచిపెట్టుట, త్యజించుట. నోట్లోంచి మా మాటే వచ్చింది. "ఒగ్గేయడం."

ఆయన పెదాలు కొంచెం కదిలాయి. "అది నాకొచ్చు," అన్నాడు, మళ్ళీ తల గోడకి ఆన్చుకున్నాడు.

ఎండ కిటికీ ఊచల్లోంచి నేల మీద పడి మెల్లగా నా కాళ్ళ వైపు వస్తోంది. రోడ్డు మీద జీడిపిక్కల బస్తాల లారీ ఆగినట్టుంది, బస్తాల్లోంచి ఎండిన పండు వాసన, తీపీ వగరూ కలిసిన వాసన, హాల్లోకి వచ్చి మందుల వాసనతో కలిసింది. కళ్ళు బరువెక్కుతున్నాయి. నాన్న చెయ్యి సంచి మీద ఉంది, నా చెయ్యి దాని పక్కన ఉంది, సూదులు దిగే నరం ఆయన మణికట్టు దగ్గర తాడులా లేచి ఉంటుంది, దాని మీద వేలు పెడితే లోపల గుయ్యిమని ఒక ధ్వని, తోటలో పూత రోజుల్లో వినిపించే తేనెటీగల ధ్వని. వేలు తీయలేదు. ఆ గుయ్యిలోనే బల్లలూ బోర్డూ కనిపిస్తున్నాయి, బోర్డు నల్లగా కాదు ఆకుపచ్చగా ఉంది, తెరలా కదులుతోంది, నేను రాసిన అక్షరాలు గాలికి ఒక పక్కకి వాలిపోతున్నాయి. బెంచీల మీద టీచర్లు కూర్చుని ఉన్నారు, అందరికీ చేతుల మీద తెల్ల ప్లాస్టరు ముక్కలున్నాయి. గివ్ ఇట్ అప్, ఇట్ మధ్యలో రావాలి, అని చెబుతున్నాను, చిన్నదాన్ని మధ్యలో కూర్చోబెట్టుకోవాలి, స్కూటరు మీద అమ్మకీ నాన్నకీ మధ్య నన్ను కూర్చోబెట్టుకున్నట్టు. అమ్మ వెనకనుంచి పట్టుకునేది, నా ముక్కు నాన్న చొక్కాకి తగిలేది, ఆ చొక్కాకి ఇదే జీడిపండు వాసన. మందస జాతరకి వెళ్తున్నామో ఆస్పత్రికి వెళ్తున్నామో గుర్తులేదు. నాన్న వీపు వెడల్పుగా ఉండేది, ముందు రోడ్డు కనిపించేది కాదు, కనిపించకపోయినా భయం ఉండేది కాదు. ఇప్పుడు ఆ వీపు ఇంత చిన్నదెలా అయింది, పక్క కుర్చీలో సగమే నిండింది, తువ్వాలు కప్పితే కనిపించదేమో.

తలుపు చప్పుడుకి వేలు తీసేశాను. పొద్దుటి విడత వాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, నీళ్ళలోంచి ఒడ్డుకి వచ్చినవాళ్ళలా అడుగు తడుముకుంటూ. వాళ్ళ వెనక, మిషన్లు చూసే ఇంద్రజ చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చింది. మంచి పిల్ల, నా వయసే ఉంటుంది, కంచిలి నుంచి రోజూ వస్తుంది.

"పోలారావు బాబాయ్, రా. బరువు సూద్దాం."

నాన్న లేవలేదు. "నాను మంచం ఎక్కడానికి రానేదమ్మా. సెప్పి పోదామనొచ్చాను. ఇంక ఒగ్గేత్తన్నాను."

"ఏటి ఒగ్గేత్తావు? ఇదేమన్నా బీడీయా?"

ఆమె నవ్వుతూనే అంది గానీ నా వైపు చూసింది, ఆ చూపులో నవ్వు లేదు. ఎదుటి వరసలో కూర్చున్న తిరుపతిరావు అందుకున్నాడు. ఆయనది మా పక్క ఊరే, మాతోపాటే ఆ బస్సులోనే వస్తాడు, వరసకి నాన్నకి బావ, మా వాళ్ళకి బావంటే సగం చుట్టరికం, సగం వేళాకోళం.

"బావనేటీ అనకే తల్లీ. కాశీ ఎల్లొచ్చినంత వైరాగ్యమొచ్చింది ఆడికి."

"కాశీ ఎల్లింది మాయమ్మ. నాను కాదు," అన్నాడు నాన్న.

"ఔనౌను, బంగారమ్మత్త ఎల్లింది. ఏటి ఒగ్గేసొచ్చింది?"

నాన్న గొంతు తగ్గించాడు. "కాకరకాయ."

తిరుపతిరావు నవ్వు మొదలుపెట్టాడు, నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. "కాకరకాయ. ఆవిడ కాకరకాయ తిన్నదెప్పుడు బావా? సంతలో కాకరకాయల బుట్ట కనిపిత్తే పక్క సందులోంచి ఎల్లేది."

అది నిజమే. కాశీ వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి తమకి ఇష్టమైన కాయో పండో ఒకటి అక్కడ వదిలేసి వస్తారు, మళ్ళీ బతికున్నంత కాలం ముట్టరు. నాయనమ్మ గంగ చెంబుతో దిగిన రోజున ఊరంతా వచ్చి, ఏం వదిలావని అడిగితే, కాకరకాయ అని గట్టిగానే చెప్పింది. అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏదో ఒకటి ఒగ్గెయ్యమన్నారు, ఫలానాది అని ఎవులన్నారు, అని నాయనమ్మ చాలా రోజులు వాదించింది. కానీ ఆ వాదన ఆవిడకే నచ్చలేదు. అడ్డపొగ తాగేది ఆవిడ, చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని, పొగంతా పెదాల సందుల్లోంచి. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నోట్లోంచి ఆ చుట్ట తీసింది, దాన్ని ఒకసారి చూసుకుంది, పెంటలోకి విసిరేసింది. నేను అప్పుడు గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. ఇష్టం లేనిది ఒగ్గేత్తే అది ఒగ్గేయడం కాదే, తప్పించుకోడం, అంది నాతో. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నాతో అంది. ఆ తర్వాత ఎన్నో నెలలు వెలిగించని చుట్ట ఊరికే పళ్ళ మధ్య పెట్టుకుని అందరినీ కసురుకుంటూ తిరిగింది, మళ్ళీ మాత్రం వెలిగించలేదు.

అది గుర్తొచ్చాక నా నోటికి మాట వచ్చేసింది. ఎప్పటిలా ఆలస్యంగా కాదు, మనుషులింకా ఎదురుగా ఉండగానే వచ్చింది.

"నాన్నా. ఆ సూదులంటే నీకిష్టమా?"

"ఇష్టమేటే. ఎవులికిష్టం?"

"అయితే అవి ఒగ్గేయడానికి నీకు నేదు. ఇష్టమైందే ఒగ్గేయాల. ఇష్టం లేనిది ఒగ్గేత్తే తప్పించుకోడమని నాయనమ్మే అంది."

ఇంద్రజ తొడుగులు చేతిలో నలుపుతూ నిలబడింది. తిరుపతిరావు మెల్లగా తలూపాడు. "పిల్ల మాట నెగ్గింది బావా. మరి కాశీ దాకా ఎందుకు, కాశీబుగ్గలో దిగేవు గదా, ఏదో ఒకటి ఇక్కడే ఒగ్గెయ్, మేం సాచ్చికం."

నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వి, తువ్వాలు దులుపుకుని, సరేలెమ్మని లేస్తాడనుకున్నాను. నా లెక్క అంతవరకే. ఆయన నవ్వలేదు. నిజంగా అడిగితే నిజంగా వెతుక్కునే మనిషి, జేబులు తడుముకున్నట్టు వెతుక్కున్నాడు. "ఇష్టమైనయ్యన్నీ ఈల్లే ఒగ్గించేసేరు. బొండం ఒగ్గించేసేరు. అరిటిపండు, పనస తొన, జీడిపప్పు. కడుపారా మంచినీల్లు. ఇంక నాకాడ ఏటున్నాది." కిటికీ ఎండ నా పాదాల మీదికి వచ్చేసింది. ఆయన సంచి వైపు చూశాడు, సంచి మీంచి నా వైపు చూశాడు.

"ఒకటున్నాది," అన్నాడు.

ఆ గొంతు విని నాకు వద్దనిపించింది, చెప్పొద్దు నాన్నా అనాలనిపించింది.

"నువ్విలగ పక్కన కూకుంతావు సూడు. బస్సులోన. ఇక్కడ. పలాస రోజొచ్చిందంటే ముందు రేతిరి సూదులు గేపకం రావు నాకు. మా పిల్లా నానూ ఎల్తామని ఉంతాది. నువ్వు మాటాడవు, అయినా బాగుంతాది." సంచి మీంచి తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "అది ఒగ్గేత్తాను."

ఆయన్ని లోపలికి పంపాలని అన్న మాట ఆయన చేతిలోకి వెళ్ళి అలా తిరుగుతుందని నాకు తెలియదు. నేను వేరే వాక్యం వెతుకుతున్నాను, ఒక్కటైనా, పుస్తకంలోదైనా. నేనొస్తాను నాన్నా, ఉద్యోగం లేకపోయినా ఫరవాలేదు, ఇక్కడే ఏదో చూసుకుంటాను, ఇవన్నీ లోపల ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆయన అప్పటికే లేచాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి కూడగట్టుకుని.

"బావా, ఎల్లుండి నుంచి నీ కూడా వత్తాను. బస్సులో పక్కన సోటుంచు."

"పక్కనేటి, ఒల్లో కూకోబెట్టుకుంతాను," అన్నాడు తిరుపతిరావు. ఈసారి ఆయనకి నవ్వు రాలేదు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు, అది సరిగ్గానే ఉంది.

"నాన్నా," అన్నాను.

"మరి మాటాడకు. ఒగ్గేసినోడు ఎనక్కి తిరిగి సూడకూడదు." సంచి తీసి నా ఒళ్ళో పెట్టాడు. నీళ్ళ సీసా మాత్రం ఉంచుకున్నాడు. "ఎల్లు. టెక్కలి బస్సుకి వేళయింది. బువ్వ తినేసి ఎల్లు, కాలీ కడుపుతో పాటం సెప్పకు."

బరువు చూసే మిషను మీద నిలబడ్డాడు. ఇంద్రజ వంగి అంకె చూసింది, ఆయన భుజం పట్టుకుని దింపింది, ఆకుపచ్చ తెర తీసింది. తెర మళ్ళీ పడే లోపల నేను చూసింది ఆయన వీపు. సంచి పట్టుకుని లేచాను, ఎప్పుడు లేచానో తెలియదు, ఎప్పుడు గుమ్మం దాకా వచ్చానో తెలియదు. బయట చెప్పులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి, వచ్చినవాళ్ళవీ వెళ్ళేవాళ్ళవీ, నా వాటిని కాలితో వెతుక్కుంటున్నాను. ఎండకి చెప్పులు కాలిపోతున్నాయి. లోపల మంచం కిర్రుమంది. ఎవరో ముసలావిడ, పక్క మంచం మీదనుంచి కాబోలు, నీరసంగా అడుగుతోంది. "మీ గుంట, ఆ పిల్ల, అగపడ్డం నేదేటి బాబూ? ఎప్పుడూ ఉంతాది గదా."

"నేదమ్మా," అన్నాడు నాన్న. గొంతు పెంచి, హాలంతా వినిపించేలా అన్నాడు. "టెక్కలి ఎల్లిపోయింది. అక్కడ ఇంగ్లీసు టీచరు."

నేనింకా గుమ్మంలోనే ఉన్నాను, ఒక కాలికే చెప్పు తొడుక్కుని.